బడి దాటిన విజ్ఞానానికి దన్నెవరు?

* పరికరాలకు పద్దు ఉంది.. పలికించేవారికి లేదు
* పెనుగంచిప్రోలు బిడ్డ కొమర్రాజు నాడే చూపిన బాట
* శిక్షణ, సాహచర్యం, సామగ్రి, పారితోషికం అందితేనే ఫలితం

జగ్గయ్యపేట, నందిగామ: 2023 జులై చివరి వారంలో మున్నేరు పొంగి నందిగామ సమీపాన ఐతవరం వద్ద 65వ నంబరు జాతీయ రహదారి మీదికి చేరింది. విజయవాడ, హైదరాబాద్‌ల మధ్య రాకపోకలు స్తంభించాయి. 2024 సెప్టెంబరు మొదట్లో మళ్లీ వరద ముంచెత్తింది. ఎన్ని వాహనాలు నిలిచిపోయాయి, ఎన్ని ఎకరాలు మునిగాయి అన్న లెక్కలు ఆయా రోజుల్లో అందరి నోళ్లలోనూ నానాయి. ‘ఇక్కడ వాన తగ్గాక కూడా ఏరు ఎందుకు పెరుగుతోంది?’ అని ఒడ్డున నిలబడిన పిల్లవాడు అడిగితే జవాబు చెప్పేవారు మాత్రం అరుదు. పాఠ్యపుస్తకంలో నీటి చక్రం ఉంటుంది. అందులో మున్నేరు ఉండదు. ఆ రెంటినీ కలిపి, ఏటి ఒడ్డునే నిలబెట్టి చెప్పగల మనిషి కావాలి.

అలాంటి మనుషులు మెట్ట ప్రాంతానికి కొత్త కాదు. సెలవు రోజున గ్రామానికి వెళ్లి దూరదర్శినితో చందమామను చూపే ఉపాధ్యాయుడు, బాబాల మహిమల గుట్టు విప్పే కార్యకర్త, సంచార ప్రయోగశాల వాహనంలో వచ్చి ప్రయోగాలు చేసే బోధకురాలు, ప్రదర్శనశాలలో సందర్శకులకు వివరించే గైడు.. వీరంతా చేసే పని ఒక్కటే. బడి గోడల వెలుపల, పరీక్షల బెడద లేకుండా, వినాలనుకున్నవారికి విజ్ఞానశాస్త్రం చెప్పడం. ఈ పనికి ప్రశంసలు దక్కుతున్నాయి. పనిచేసేవారికి దన్ను మాత్రం దక్కడం లేదు. పరికరాలు కొనడానికి పథకాలున్నాయి, పోటీలకు బహుమతులున్నాయి. వాటిని నడిపించే మనిషిని తీర్చిదిద్ది నిలబెట్టుకునే ఏర్పాటే కొరవడింది.

బడి పాఠానికీ, ఈ పనికీ తేడా

తరగతి గదిలో ఉపాధ్యాయుడి ముందు ఒకే ఈడు పిల్లలు ఉంటారు. నిర్ణీత పాఠం, నిర్ణీత సమయం, ఏడాది చివర పరీక్ష ఉంటాయి. రచ్చబండ వద్ద పరిస్థితి వేరు. ఎనిమిదేళ్ల పిల్ల, ఆమె తల్లి, అరవయ్యేళ్ల రైతు ఒకేచోట కూర్చుంటారు. నచ్చకపోతే లేచి వెళ్లిపోతారు. ప్రశ్నలు పాఠం వరుసలో రావు. గ్రహణం గురించి చెబుతుంటే జాతకం గురించి అడుగుతారు. పాముల గురించి చెబుతుంటే మంత్రం వేసి బతికించిన సంగతి ప్రస్తావిస్తారు. ఎదుటివారి నమ్మకాన్ని కించపరచకుండా, నిజాన్ని దాచకుండా బదులివ్వాలి. విషయ పరిజ్ఞానంతోపాటు మాట నేర్పు, ప్రయోగ నైపుణ్యం, ఓర్పు ఇందుకు అవసరం.

శాస్త్రీయ దృక్పథాన్ని పెంపొందించుకోవడం ప్రతి పౌరుడి ప్రాథమిక విధి అని రాజ్యాంగంలోని 51-ఎ(హెచ్) అధికరణం చెబుతోంది. 1976లో 42వ సవరణ ద్వారా ఈ విధి రాజ్యాంగంలో చేరింది. విధి అందరిదీ అన్నారు గానీ, అందరికీ దాన్ని చేరవేసేవారి బాధ్యత ఎవరిదన్నది తేలలేదు.

పునాది పడింది ఈ గడ్డ మీదే

తెలుగులో విజ్ఞాన ప్రచారానికి తొలి వ్యవస్థను నిర్మించిన కొమర్రాజు వేంకట లక్ష్మణరావు 1877 మే 18న నందిగామ తాలూకా పెనుగంచిప్రోలులో జన్మించారు. తొలితరం తెలుగు కథా రచయిత్రి భండారు అచ్చమాంబ ఆయన సోదరి. మహారాష్ట్ర ప్రాంతంలో చదువు పూర్తిచేసిన లక్ష్మణరావు అనంతరం మునగాల సంస్థానంలో దివానుగా పనిచేశారు. నేడు సూర్యాపేట జిల్లాలో ఉన్న మునగాల ఆ రోజుల్లో కృష్ణా జిల్లా నందిగామ తాలూకాలోని పరగణా. చుట్టూ నిజాం రాజ్యం, మధ్యలో ఆంగ్ల పాలనలోని ఆ పరగణా.

1906లో హైదరాబాద్‌లో విజ్ఞాన చంద్రికా మండలి ఏర్పడింది. లక్ష్మణరావుతోపాటు రావిచెట్టు రంగారావు, గాడిచర్ల హరిసర్వోత్తమరావు, నందిగామ ప్రాంతానికి చెందిన అయ్యదేవర కాళేశ్వరరావు ఇందులో ముఖ్యులు. కాళేశ్వరరావు తర్వాతి కాలంలో ఆంధ్రప్రదేశ్ శాసనసభకు తొలి సభాపతి అయిన సంగతి విదితమే. 1908లో మండలి కార్యస్థానం మద్రాసుకు మారింది. చరిత్ర, జీవిత చరిత్రలతోపాటు భౌతిక, రసాయన, జీవ శాస్త్రాలపై తెలుగులో గ్రంథాలను మండలి వెలువరించింది. తర్వాత లక్ష్మణరావు ఆంధ్ర విజ్ఞాన సర్వస్వాన్ని తలకెత్తుకున్నారు. మూడు సంపుటాలు వెలువడ్డాక, 1923లో ఆయన కన్నుమూశారు.

ఈ చరిత్రను గొప్పగా చెప్పుకోవడంతో సరిపెట్టడం పరిపాటి. దాని వెనుక ఉన్న ఏర్పాటును గమనించినవారు తక్కువ. లక్ష్మణరావుకు మునగాల రాజా నాయని వెంకట రంగారావు అండగా నిలిచారు. దివాను కొలువు జీవికను చూసుకుంది. సమాన భావాలున్న మిత్రబృందం పనిని పంచుకుంది. రాసినవారికి అచ్చువేసే సంస్థ ఉంది. భౌతిక, రసాయన శాస్త్రాలను తెలుగులో చెప్పడానికి మాటలు లేని చోట మాటలు కూర్చుకునే అవకాశం చిక్కింది. అంటే జీవిక, సహచరులు, సంస్థ, భాష అనే నాలుగు ఆసరాలు ఒకచోట కుదిరాయి. ఒక్క మనిషి ప్రతిభ అంత దూరం వెళ్లింది అందువల్లనే. నేడు గ్రామాల్లో విజ్ఞానశాస్త్రం చెప్పేవారికి ఈ నాలుగింటిలో ఎన్ని ఉన్నాయన్నదే ప్రశ్న.

గ్రహణం రోజు.. విగ్రహం పాలు తాగిన రోజు

విజ్ఞానం చెప్పేవారి అవసరం ఒక్కోసారి ముందు చెప్పి రాదు. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం తెలుగు నేల మీదుగా సాగింది. హైదరాబాద్ సమీపంలోని జపాల్-రంగాపూర్ వేధశాలకు శాస్త్రవేత్తలు తరలివచ్చారు. అదే వేళ పట్టణాలు, పల్లెల్లో జనం తలుపులు వేసుకుని ఇళ్లలోనే ఉండిపోయారు. వీధులు బోసిపోయాయి. జీవితంలో ఒకసారి దొరికే దృశ్యాన్ని లక్షలాది మంది చేజార్చుకున్నారు.

1995 సెప్టెంబరు 21న దేశమంతటా వినాయక విగ్రహాలు పాలు తాగుతున్నాయన్న వార్త గుప్పుమంది. ఆలయాల ముందు బారులు తీరారు. నిండు చెంచాను తడిసిన రాతికి ఆనించినప్పుడు తలతన్యత వల్ల పాలు అంచు దాటి, రాతి మీద పలుచని పొరగా కిందికి జారతాయి. పాలలో రంగు కలిపి చూపిస్తే జారే దారి కంటికి కనిపిస్తుంది. జాతీయ విజ్ఞాన, సాంకేతిక సమాచార మండలి శాస్త్రవేత్తలు అప్పట్లో చేసి చూపింది ఇదే. చెంచా, పాలు, చిటికెడు రంగు చాలు. కానీ ఆ రోజే, ఆ వీధిలోనే చేసి చూపగల మనిషి ఉండాలి.

ఉమ్మడి కృష్ణా జిల్లాలో ఇలాంటి మనుషులను తయారుచేసిన సంప్రదాయం ఉంది. వృక్షశాస్త్ర అధ్యాపకుడైన గోరా, సరస్వతీ గోరా దంపతులు 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రాన్ని నెలకొల్పారు. 1947లో అది విజయవాడ పటమటకు మారింది. నిప్పుల మీద నడవడానికి మహిమ అక్కర్లేదని కేంద్రం కార్యకర్తలు బహిరంగంగా నడిచి చూపారు. బొగ్గు నిప్పులు వేడిని నెమ్మదిగా అందిస్తాయి, పాదం ఆనే సమయం స్వల్పం, రహస్యం అంతే. 1988 ఫిబ్రవరి 28న, జాతీయ విజ్ఞాన దినోత్సవం నాడు జన విజ్ఞాన వేదిక ఆవిర్భవించింది. కళాజాతాలు, ‘చెకుముకి’ బాలల మాసపత్రిక, చెకుముకి ప్రతిభా పరీక్షలతో వేదిక మండల స్థాయి దాకా విస్తరించింది. ఈ కార్యకర్తల్లో అధికులు ఉపాధ్యాయులు. జీతం బడి ఇస్తుంది, సాయంత్రాలు, ఆదివారాలు వారివి. ఆ సొంత సమయం మీదే ఉద్యమం నడిచింది.

సొంత సమయానికి హద్దు ఉంది. బదిలీ వచ్చినా, ఇంట్లో అనారోగ్యం కలిగినా, పదవీ విరమణ చేసినా ఆ ఊరిలో కార్యక్రమం ఆగిపోతుంది. పాతికేళ్ల అనుభవంతో సంపాదించిన నేర్పు తర్వాతి వ్యక్తికి అందే దారి ఉండదు. కొత్తగా వచ్చినవారు మొదటి మెట్టు నుంచి మళ్లీ మొదలుపెట్టాలి.

పరికరం ఉంది.. పలికించేవారేరీ?

గత రెండు దశాబ్దాల్లో ప్రభుత్వ వ్యయం పెరగలేదని అనలేం. 2008లో మొదలైన ఇన్‌స్పైర్ పథకం కింద ఎంపికైన విద్యార్థి నమూనా తయారీకి రూ.10 వేలు ఇస్తున్నారు. 1993 నుంచి జాతీయ బాలల విజ్ఞాన సదస్సు తమ ఊరి సమస్యను ఎంచుకుని పరిశోధించమని పిల్లలను ప్రోత్సహించింది. నీతి ఆయోగ్ ఆధ్వర్యంలో 2016 నుంచి అటల్ టింకరింగ్ ల్యాబులు ఏర్పాటయ్యాయి. ఎంపికైన పాఠశాలకు గరిష్ఠంగా రూ.20 లక్షలు. అందులో రూ.10 లక్షలు పరికరాలు, ఏర్పాట్లకు కాగా, మిగిలినది అయిదేళ్ల నిర్వహణకు. రానున్న అయిదేళ్లలో ప్రభుత్వ పాఠశాలల్లో మరో 50 వేల ల్యాబులు నెలకొల్పుతామని 2025-26 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించారు.

ఈ ల్యాబులకు మార్గదర్శకులుగా వ్యవహరించే నిపుణులు స్వచ్ఛందంగా, ప్రతిఫలం లేకుండా సేవలందించాలన్నది పథకం తీరు. పెద్ద నగరాల్లో ఇంజినీర్లు, పరిశోధకులు వారానికి గంటో రెండు గంటలో కేటాయించగలరు. నందిగామ, వత్సవాయి, చందర్లపాడు వంటి చోట్ల అలాంటివారిని వెతికి పట్టుకోవడమే మొదటి సమస్య. దొరికినా, రానూపోనూ ఖర్చు వారి జేబులోంచే. త్రీడీ ప్రింటర్‌కు పద్దు ఉండి, దాని పక్కన నిలబడి నేర్పే వ్యక్తికి లేకపోతే బీరువా తాళం తెరుచుకోవడం తగ్గుతుంది.

ప్రదర్శనశాలల విషయంలో దూరమే అడ్డంకి. జాతీయ విజ్ఞాన ప్రదర్శనశాలల మండలి 1978లో ఏర్పడింది. దాని ఆధ్వర్యంలోని ప్రాంతీయ విజ్ఞాన కేంద్రం 1993లో తిరుపతిలో ప్రారంభమైంది. జగ్గయ్యపేట నుంచి అక్కడికి 400 కిలోమీటర్లకు పైగా ప్రయాణించాలి. 1985లో ప్రారంభమైన హైదరాబాద్‌లోని బిర్లా నక్షత్రశాల సుమారు 200 కిలోమీటర్ల దూరంలో ఉంది. కనుక ఇక్కడి పిల్లలకు విజ్ఞాన కేంద్రం అంటే భవనం కన్నా, తమ ఊరికి వచ్చే మనిషే. కోల్‌కతాలోని బిర్లా పారిశ్రామిక, సాంకేతిక ప్రదర్శనశాల 1965లోనే బస్సులో ప్రదర్శనను గ్రామాలకు పంపింది. ఆ బస్సు విజయం కూడా అందులో వెళ్లిన వివరణకర్తల మీదే ఆధారపడిందని వేరే చెప్పనక్కర్లేదు.

కేంద్ర స్థాయిలో తోడ్పాటు అందించిన ఒక సంస్థ తెరమరుగైంది. 1989లో స్థాపించిన విజ్ఞాన్ ప్రసార్ పుస్తకాలు, చిత్రాలు, విజ్ఞాన సంఘాల అనుసంధానంతో దేశమంతటా కార్యకర్తలకు సామగ్రి అందించింది. 2023లో దాన్ని మూసివేశారు.

ఆసరా అంటే ఏమిటి?

విజ్ఞాన బోధకులకు తోడ్పాటు అంటే శాలువా కప్పడం, జ్ఞాపిక ఇవ్వడం అన్న భావన స్థిరపడింది. అనుభవం చెప్పేది వేరు. ప్రధానంగా నాలుగు అంశాలు కనిపిస్తాయి.

మొదటిది శిక్షణ. ఉదాహరణకు సూర్యగ్రహణాన్నే తీసుకోవచ్చు. ఒకప్పుడు ఎక్స్‌రే ఫిల్ములు, మసి పూసిన గాజు పలకలతో సూర్యుణ్ని చూడమని సలహా ఇచ్చినవారు ఉన్నారు. అవి కంటికి రక్షణ ఇవ్వవని, కనుపాప వెనుక ఉండే రెటీనాకు శాశ్వత హాని కలగవచ్చని నేడు నిపుణులు స్పష్టం చేస్తున్నారు. ప్రమాణాలకు లోబడి తయారైన సౌర కళ్లద్దాలు వాడాలి. లేదా అట్టముక్కకు గుండుసూది రంధ్రం చేసి, దాని గుండా నేల మీద పడే ప్రతిబింబాన్ని చూపాలి. మూఢనమ్మకం పోగొట్టాలనే ఉత్సాహం ఒక్కటే ఉండి, ఈ సంగతి తెలియని కార్యకర్త పిల్లల చూపుకే చేటు తెచ్చే ప్రమాదం ఉంది. రసాయనాలతో, నిప్పుతో చేసే ప్రదర్శనలకూ ఇదే వర్తిస్తుంది. శిక్షణ ఒకసారి ఇచ్చి వదిలేసేది కాదు. తెలిసిన విషయాలు మారుతుంటాయి కనుక అది పునశ్చరణ పొందుతుండాలి.

రెండోది సాహచర్యం. ఇందుకు దేశంలోనే చక్కటి ఉదాహరణ ఉంది. మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 1972లో 16 పాఠశాలల్లో ప్రయోగాత్మక విజ్ఞాన బోధన మొదలైంది. 1978లో జిల్లాలోని ప్రభుత్వ మాధ్యమిక పాఠశాలలన్నింటికీ విస్తరించింది. 1982 నుంచి ఏకలవ్య సంస్థ దాన్ని ముందుకు నడిపింది. అక్కడ ఉపాధ్యాయులకు వేసవిలో శిక్షణ ఇవ్వడంతో సరిపెట్టలేదు. నెలనెలా దగ్గరి పాఠశాలల ఉపాధ్యాయులు ఒక కేంద్రంలో కలుసుకునేవారు. ఏ ప్రయోగం విఫలమైంది, ఏ ప్రశ్నకు జవాబు చెప్పలేకపోయాం అన్నది చర్చించుకునేవారు. విశ్వవిద్యాలయాల శాస్త్రవేత్తలు వారితో సమానంగా కూర్చునేవారు. ప్రభుత్వ నిర్ణయంతో 2002లో కార్యక్రమం ఆగిపోయింది. అయినా ముప్పై ఏళ్లపాటు అది నిలబడటానికి ఆ నెలవారీ సమావేశాలు ఒక ముఖ్య కారణం. ఒంటరిగా పనిచేసే వ్యక్తికి తనలాంటివారు మరికొందరు ఉన్నారన్న భరోసా ఏ పరికరమూ ఇవ్వలేనిది.

మూడోది సామగ్రి, భాష. కేంద్ర సంస్థల ప్రదర్శన పత్రాలు, దృశ్యచిత్రాలు అధికంగా ఆంగ్లం, హిందీల్లో వస్తున్నాయి. వాటిని తెలుగు చేసుకోవడం కార్యకర్తకు అదనపు భారం. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ పారిభాషిక పదకోశాలను వెలువరించింది. అవి పాఠ్యపుస్తకాలకు ఉపకరించినంతగా రచ్చబండకు ఉపకరించలేదు. ‘తలతన్యత’ అన్న మాట పరీక్షకు సరిపోతుంది. గ్రామంలో ‘నీటి పైపొర బిగువు’ అని చెప్పి, ఆ తర్వాత శాస్త్రపదం పరిచయం చేయాలి. ఇలాంటి మాటల సంచిని ఎవరికి వారు తయారుచేసుకునే కన్నా, ఒకచోట కూర్చి అందరికీ అందిస్తే శ్రమ తగ్గుతుంది. లక్ష్మణరావు తరం చేసిన పని సరిగ్గా ఇదే.

నాలుగోది పారితోషికం. అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో 1969లో భౌతిక శాస్త్రవేత్త ఫ్రాంక్ ఓపెన్‌హైమర్ ఎక్స్‌ప్లోరటోరియం అనే ప్రదర్శనశాలను ప్రారంభించారు. సందర్శకులకు సాయపడే వివరణకర్తలుగా ఉన్నత పాఠశాల, కళాశాల విద్యార్థులను తీసుకున్నారు. వారికి తగిన శిక్షణ, చేసిన పనికి వేతనం ఇస్తారు. మన రాష్ట్రంలోనే కుప్పం సమీపాన గుడుపల్లె వద్ద ప్రాంగణం ఉన్న అగస్త్య ఇంటర్నేషనల్ ఫౌండేషన్ 1999లో ఏర్పడింది. సంచార ప్రయోగశాల వాహనాలు, ద్విచక్ర వాహనాలపై వెళ్లే బోధకుల ద్వారా ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు ప్రయోగాలు చూపుతోంది. బోధనను పూర్తికాలపు వృత్తిగా చేపట్టినవారు ఉంటేనే ఇంత విస్తృతి సాధ్యమని ఈ అనుభవం చెబుతోంది. ప్రాజెక్టు గడువుతో ముడిపడిన కొలువులకు మరో చిక్కు ఉంది. నిధులు ఆగిన రోజే బోధకుడూ ఆగిపోతాడు. అతనితో పాటు అతను నేర్చుకున్నదీ మరో ఉద్యోగానికి తరలిపోతుంది.

మెట్ట ప్రాంతంలో చెప్పవలసినవెన్నో

దన్ను దొరికితే ఇక్కడి బోధకులు చెప్పగలిగిన విషయాలకు కొదవ లేదు. మున్నేరే పెద్ద పాఠం. పాకాల ప్రాంతంలో పుట్టి ఖమ్మం మీదుగా ప్రవహించి, వైరా, కట్టలేరులను కలుపుకొని ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలుస్తుంది. ఎగువన కురిసిన వాన దిగువకు చేరడానికి గంటల సమయం పడుతుంది. అందువల్లే నందిగామలో వాన తెరిపి ఇచ్చాక కూడా ఏరు పెరుగుతుంది. అదే వేళ కృష్ణలోనూ వరద ఉంటే మున్నేటి నీరు వేగంగా దిగలేక వెనక్కి తన్నుతుంది.

నిటారు గోడలున్న డబ్బాను ఆరుబయట పెట్టి, పడిన వానను స్కేలుతో కొలవడం అయిదో తరగతి పిల్లలు సైతం చేయగలరు. చదరపు కిలోమీటరు నేలపై ఒక్క సెంటీమీటరు వాన కురిస్తే అది కోటి లీటర్ల నీరు. ఈ లెక్క చేతితో వేసిన పిల్లవాడు తర్వాతిసారి వరద హెచ్చరికను వేరుగా వింటాడు. ఖమ్మంలో నీటిమట్టం పెరిగిందన్న వార్త తమ పశువులను ముందుగా తరలించుకోవడానికి అందిన గడువని ఇంట్లో పెద్దలకు చెప్పగలుగుతాడు.

పాముకాటు మరో అంశం. పత్తి, మిరప చేలల్లో పనిచేసే కూలీలు, రాత్రివేళ నీరు కట్టే రైతులు దీని బారిన పడుతుంటారు. 2000 నుంచి 2019 వరకు దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది మరణించినట్లు, అంటే ఏటా సగటున 58 వేల మంది, 2020లో వెలువడిన అధ్యయనం అంచనా వేసింది. ఈ మరణాలు అధికంగా ఉన్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. 2024 మార్చిలో కేంద్రం జాతీయ కార్యాచరణ ప్రణాళికను ప్రకటించింది. ప్రణాళిక ప్రాణం పోసుకోవాలంటే చేలగట్టు దాకా మాట చేరాలి. కాటు వేసిన చోట కోయకూడదని, తాడు బిగించకూడదని, కాలూచేయీ కదలకుండా ఉంచి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలని, నాగుపాము, కట్లపాము, రక్తపింజర వంటి వాటి విషానికి విరుగుడు మందు ఉందని ఎవరో ఒకరు చెప్పాలి. మంత్రగాడి వద్ద గడిచే గంట ప్రాణానికి వెల. పోస్టరు అతికిస్తే చదివి వెళ్లిపోతారు. ఎదుట కూర్చున్న మనిషి చెబితే ఎదురు ప్రశ్న వేస్తారు, అనుమానం తీర్చుకుంటారు.

జగ్గయ్యపేట వద్ద నేల కింది సున్నపురాయి మరో పుస్తకం. ఆ రాయి వల్లే ఈ ప్రాంతానికి సిమెంటు పరిశ్రమలు వచ్చాయి. అదే జాతి రాతి పలకల మీద రెండు వేల ఏళ్ల కిందట శిల్పులు బౌద్ధ గాథలు చెక్కారు. 1882లో జేమ్స్ బర్జెస్ ఇక్కడి ధనంబోడు స్తూపాన్ని తవ్వించారు. ఆ పరిశోధన గ్రంథం 1887లో వెలువడింది. ఇక్కడ లభించిన మాంధాత చక్రవర్తి శిల్పఫలకం చెన్నై ప్రభుత్వ ప్రదర్శనశాలలో ఉంది. సున్నపురాయి పొడి మీద నిమ్మరసం పిండితే బుడగలు వస్తాయి. ఆ బుడగల్లోని బొగ్గుపులుసు వాయువే సిమెంటు బట్టీలో రాయి కాలినప్పుడూ వెలువడుతుంది. నిమ్మకాయ, రాతిపొడితో మొదలుపెట్టి పరిశ్రమ, పర్యావరణం, చరిత్ర దాకా పిల్లలను తీసుకెళ్లవచ్చు. ఈ పాఠం చెప్పడానికి జగ్గయ్యపేటను మించిన తరగతి గది దొరకదు.

ఏం చేయవచ్చు?

పెద్ద భవనం కట్టేదాకా ఆగనవసరం లేదు. ఉన్న ఏర్పాట్లనే కాస్త మలుచుకుంటే చాలినంత పని జరుగుతుంది.

* నెలకోసారి సమావేశం: జగ్గయ్యపేటలో ఒకనెల, నందిగామలో మరోనెల.. మండలాల విజ్ఞాన ఉపాధ్యాయులు, కార్యకర్తలు, ఆసక్తి ఉన్న విశ్రాంత ఉద్యోగులు కలుసుకునే రోజును ఖరారు చేయవచ్చు. కార్యక్రమం నిర్వహించే ఉపాధ్యాయులకు ఆ రోజును విధి నిర్వహణగా పరిగణిస్తే హాజరు పెరుగుతుంది.

* గ్రంథాలయంలో సామగ్రి: శాఖా గ్రంథాలయాల్లో ఒక బీరువాను ప్రయోగ సామగ్రికి కేటాయించి, పుస్తకం మాదిరే అరువు ఇవ్వవచ్చు. దూరదర్శిని, అయస్కాంతాలు, కటకాలు, సౌర కళ్లద్దాలు ప్రతి పాఠశాలా విడిగా కొనవలసిన పని ఉండదు.

* రవాణా, దినభత్యం: గ్రామానికి వెళ్లి ప్రదర్శన ఇచ్చేవారికి కనీసం ప్రయాణ ఖర్చులు, ఆ రోజు కూలి దక్కాలి. డిగ్రీ చదివి ఊళ్లోనే ఉన్న యువతీ యువకులు ఈ పనిలోకి రావడానికి ఇది తొలి మెట్టు.

* పరిశ్రమల సామాజిక బాధ్యత నిధులు: 2013 నాటి కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం నిర్దేశిత స్థాయి దాటిన సంస్థలు మూడేళ్ల సగటు లాభంలో రెండు శాతం సామాజిక కార్యక్రమాలకు వెచ్చించాలి. స్థానిక ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని చట్టమే చెబుతోంది. విద్య అందులో అర్హమైన అంశం. పరికరాల కొనుగోలుతోపాటు బోధకుల శిక్షణ, గౌరవ వేతనాలకూ వీటిని కోరవచ్చు.

* పాతవారి అనుభవం: దశాబ్దాలుగా ప్రదర్శనలిచ్చిన విశ్రాంత ఉపాధ్యాయుల వెంట కొత్తవారిని కొన్ని నెలలు పంపాలి. ఏ ప్రశ్నకు ఎలా బదులిచ్చారో కళ్లారా చూసి నేర్చుకున్నది ఏ కరదీపికలోనూ దొరకదు. ఆ ప్రశ్నలు, జవాబులను తెలుగులో రాసి పెడితే మరో తరానికి మిగులుతాయి.

పరిపాలన పరంగా జగ్గయ్యపేట, నందిగామలు 2022 ఏప్రిల్ నుంచి ఎన్టీఆర్ జిల్లాలో ఉన్నాయి. జిల్లా పేరు మారినా మున్నేరు, పాలేరు, కృష్ణ ఒడ్డున ఉన్న పల్లెల అవసరాలు మారలేదు.

తర్వాతి గ్రహణం నాటికి..

2031 మే 21న కేరళ, తమిళనాడుల మీదుగా వలయాకార సూర్యగ్రహణం సాగనుంది. ఆ రోజు తెలుగు నేల మీద పాక్షికంగా కనిపిస్తుంది. నేడు రెండో తరగతి, మూడో తరగతి చదువుతున్న పిల్లలు అప్పటికి కౌమారంలో ఉంటారు. తలుపులు వేసుకుని ఇంట్లో కూర్చోవడమా, బడి మైదానంలో సురక్షితంగా నిలబడి చూడటమా అన్నది ఆ రోజు ఉదయం తేలే విషయం కాదు. వారి ఊరిలో అప్పటికి ఒక మనిషి తయారై ఉన్నారా లేదా అన్నదాన్ని బట్టి తేలుతుంది.

పెనుగంచిప్రోలులో పుట్టిన బిడ్డకు మునగాల ఆసరా దొరికింది. తెలుగువారికి విజ్ఞాన సర్వస్వం మొదలైంది. అలాంటి ఆసరా కోసం ఎదురుచూస్తున్నవారు ఈ మండలాల్లో నేడూ ఉన్నారు. వారిని గుర్తించి నిలబెట్టడం అధికారులు, పరిశ్రమలు, పౌరసమాజం కలిసి చేయవలసిన పని.